40 వేలతో ఫ్లైట్ సిమ్‌కు వీఆర్ హెడ్‌సెట్: కొనాలా, ఆగాలా?

మల్కాజిగిరి సెస్నా:
ఆరు నెలలుగా మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ (కంప్యూటర్లో విమానం నడిపే గేమ్)లో సెస్నా 172 అనే చిన్న విమానం నడుపుతున్నాను. రోజూ బేగంపేటలో లేవడం, హుస్సేన్‌సాగర్ మీద ఓ చుట్టు కొట్టి మళ్లీ అక్కడే దిగడం. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 24 అంగుళాల మానిటర్. చేతిలో 40 వేలున్నాయి. కళ్లకు కట్టుకుంటే కాక్‌పిట్‌లోనే కూర్చున్నట్టు చూపించే వీఆర్ హెడ్‌సెట్ కొందామని ఉంది. మెటా క్వెస్ట్ 3ఎస్ తీసుకుందామనుకుంటే, సీటీసీలో (సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్) తెలిసినాయన వాడిన హెచ్‌పీ రివర్బ్ జీ2 హెడ్‌సెట్ సగం డబ్బుకే ఇస్తానంటున్నాడు. ఏది మేలు?

ఉప్పల్ అన్న:
తమ్ముడూ, రివర్బ్ జోలికి పోకు. బొమ్మ బాగుంటుంది, కాదనను. కన్నుకు 2160×2160 పిక్సెళ్లు, 3ఎస్‌లో 1832×1920. కానీ రివర్బ్ నడిచేది విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ అనే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ మీద. విండోస్ 11 24హెచ్2 అప్‌డేట్‌లో మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేసింది. పాత విండోస్‌ను పట్టుకుని వేలాడాలి, లేదంటే బయటివాళ్లు రాసిన డ్రైవర్‌ను నమ్ముకోవాలి. సగం ధరకు ఎందుకిస్తున్నాడో అర్థమైందా?

కూకట్‌పల్లి కాక్‌పిట్:
ఆ డ్రైవర్‌తోనే నాది శుభ్రంగా నడుస్తోంది. రివర్బ్‌కు డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ ఉంటుంది, బొమ్మ కార్డు నుంచి నేరుగా వస్తుంది. క్వెస్ట్‌కు ఆ దారే లేదు. కేబుల్ పెట్టినా, వైఫై వాడినా వీడియోలాగా కుదించి పంపాల్సిందే. ఆ చాకిరీ కూడా పాపం ఆ 3060 నెత్తినే.

ఉప్పల్ అన్న:
నాదీ 3060యే. పీసీని రౌటర్‌కు లాన్ కేబుల్‌తో కలిపి, హెడ్‌సెట్‌ను 5 గిగాహెర్ట్జ్‌లో పెట్టాను. సెస్నా నడపడానికి ఆ కుదింపు వల్ల వచ్చే ఆలస్యం ఏం తెలుస్తుంది, ఫైటర్ జెట్టా? 72 హెర్ట్జ్‌లో (సెకనుకు 72 ఫ్రేములు) పెట్టి, సెకనుకు 36 ఫ్రేములు నిలబెడితే మిగతా సగం సాఫ్ట్‌వేరే అల్లుకుంటుంది. మేఘాలు, చెట్లు తగ్గించుకోవాలి, అంతే.

బేగంపేట బాబాయ్:
మీ ఇద్దరి పంతాల మధ్య అబ్బాయి జేబు ఖాళీ అయ్యేట్టుంది. అసలు హెడ్‌సెట్టే వద్దంటాను. లెక్క చూడండి. 3ఎస్‌లో చూపులోని ఒక్కో డిగ్రీకి సుమారు 20 పిక్సెళ్లు, దానిపై మోడల్ క్వెస్ట్ 3లో 25. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌ను రెండడుగుల నుంచి చూస్తే 40 దగ్గర. హెడ్‌సెట్‌లో ఎత్తు చూపే ఆల్టీమీటర్ ముల్లు కనిపిస్తుంది గానీ, రేడియో అంకెల కోసం ప్యానెల్ మీదికి వంగాల్సిందే. పైగా మే నెలలో ఆ డబ్బా ముఖానికి కట్టుకుంటే చెమటకు కటకాలు మసకబారతాయి. తల కదలికను పట్టే ఓపెన్‌ట్రాక్ సాఫ్ట్‌వేర్ దించుకో, ఉచితం. మామూలు వెబ్‌క్యామ్ చాలు, తల తిప్పితే కాక్‌పిట్‌లో చూపు తిరుగుతుంది. డబ్బులు కొత్త కార్డుకు దాచుకో.

మల్కాజిగిరి సెస్నా:
వాడాను బాబాయ్. తల కొంచెం తిప్పితే సిమ్‌లో చాలా తిరుగుతుంది, కళ్లేమో మానిటర్‌నే చూస్తుండాలి. దిగేముందు రన్‌వేకు అడ్డంగా వచ్చే బేస్ నుంచి, దానికి ఎదురుగా వచ్చే ఫైనల్‌కు తిరిగేటప్పుడు ఎడమవైపు రన్‌వే వెతుక్కోవడం నాకు దాంతో కుదరలేదు. ఇక ఫ్లేర్ (నేల తాకేముందు ముక్కు కాస్త ఎత్తడం) సంగతి చెప్పక్కర్లేదు. నేల ఎంత దూరంలో ఉందో తెలియక రోజూ దబ్బున పడుతున్నాను.

గాల్లో విద్యార్థి:
నేను పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాను. సరిగ్గా ఆ రెండింటికే వీఆర్ పనికొస్తుంది. సీటు ఎత్తు, నేల మీదికొచ్చే తీరు అసలు కొలతల్లో కనిపిస్తాయి. బయటికి చూడకుండా మీటర్లను బట్టే నడిపే ఇన్‌స్ట్రుమెంట్ ప్రాక్టీస్ మాత్రం నేనూ మానిటర్ మీదే చేస్తాను. హెడ్‌సెట్ పెట్టుకుని మోకాలి మీద కాగితంపై ఏమైనా రాసి చూడండి, తెలుస్తుంది. ఇంట్లో ఎన్ని గంటలు ఎగిరినా పైలట్ ఎగిరిన గంటలు రాసే లాగ్‌బుక్‌లోకి ఒక్క నిమిషం ఎక్కదు, అది వేరే బాధ.

ఇంకోటి, 3ఎస్‌లో కటకాల మధ్య దూరానికి మూడే మెట్లు: 58, 63, 68 మిల్లీమీటర్లు. కళ్లద్దాల షాపులో మీ కళ్ల దూరం కొలిపించుకోకుండా కొనకండి.

మల్కాజిగిరి సెస్నా:
ఇప్పుడే కొలిపించుకుని వచ్చాను. 65.5. సరిగ్గా మధ్యలో!

ఉప్పల్ అన్న:
టెన్షన్ పడకు. ఆదివారం మా ఇంటికి రా. నా 3ఎస్ పెట్టుకుని బేగంపేటలో ఐదుసార్లు దిగు. తలనొప్పి వస్తే కొనకు.

బేగంపేట బాబాయ్:
నేనూ వస్తున్నా. ఏసీ వేసి ఉంచు.