డీడబ్ల్యూఐ (తాగి కారు నడిపిన కేసు) తర్వాత కారు ఇన్సూరెన్స్: ఆర్మీలో చేసి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే దారి చెప్పండి

కిల్లీన్_ఖమ్మం
అందరికీ నమస్కారం. చదువుకోవడానికి వచ్చి, 2015లో మావ్నీ (గ్రీన్ కార్డు లేనివాళ్లని కూడా సైన్యంలోకి తీసుకున్న ప్రోగ్రామ్) ద్వారా యూఎస్ ఆర్మీలో చేరాను, 2021లో బయటికొచ్చి టెక్సాస్‌లో కిల్లీన్‌లోనే ఉండిపోయాను. పోయిన నవంబర్‌లో ఫ్రెండ్ ఇంట్లో తాగి కారు తీశాను, ఇంటికి రెండు మైళ్ల దూరంలో పోలీసులు ఆపారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అంతవరకు దేవుడి దయ. తప్పు పూర్తిగా నాదే. గత నెల కన్విక్షన్ పడింది, అంటే కోర్టు దోషిగా తేల్చింది. ఇప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు రెన్యూ చేయం అని ఉత్తరం పంపారు, వచ్చే నెలాఖరుకి పాలసీ అయిపోతుంది. ఎస్ఆర్-22 కావాలంటున్నారు, అదేంటో సరిగ్గా తెలియదు. ఇద్దరు ఏజెంట్లు మా వల్ల కాదన్నారు. నా భార్య హాస్పిటల్‌లో నైట్ షిఫ్ట్ చేస్తుంది, ఉన్నది ఒక్కటే కారు. మిలిటరీలో చేసినవాళ్లకి వేరే పాలసీలేమైనా ఉంటాయా? వీఏ (మాజీ సైనికుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ) నుంచి వచ్చే డిజెబిలిటీ డబ్బు కూడా పోతుందేమోనని టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

ప్లేనో_పాలసీ
తమ్ముడూ, నేను టెక్సాస్‌లో పదకొండేళ్లుగా ఈ పాలసీలే రాస్తున్నాను. ఎస్ఆర్-22 అంటే ఇన్సూరెన్స్ కాదు. మీకు పాలసీ ఉందని కంపెనీ నేరుగా రాష్ట్రానికి పంపే కాగితం, అంతే. ఫైలింగ్ ఫీజు చిన్నదే. బరువంతా ప్రీమియంలో ఉంటుంది. మన దగ్గర కన్విక్షన్ తేదీ నుంచి రెండేళ్లు దాన్ని ఉంచుకోవాలి, కవర్ కనీసం 30/60/25 ఉండాలి, అంటే ఒకరి గాయాలకు 30 వేలు, మొత్తం గాయాలకు 60 వేలు, ఎదుటివాళ్ల ఆస్తికి 25 వేల డాలర్లు. ఈ రెండేళ్లలో పాలసీ ఆగిపోతే కంపెనీ ఎస్ఆర్-26 అని ఇంకో కాగితం పంపుతుంది, దాంతో లైసెన్స్ సస్పెండ్ అవుతుంది. అందుకే కొత్త పాలసీ మొదలయ్యాకే పాతది వదలండి, మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ ఉండకూడదు.

మిలిటరీ వాళ్లకని వేరే హై రిస్క్ పాలసీ అంటూ ఏదీ లేదు. యూఎస్ఏఏలో (మిలిటరీ కుటుంబాలకి ఇన్సూరెన్స్ ఇచ్చే కంపెనీ) మెంబర్ అయితే ముందు వాళ్లని అడగండి, ఎస్ఆర్-22 వాళ్లూ ఫైల్ చేస్తారు. ప్రోగ్రెసివ్, గైకో కూడా చేస్తాయి. మిలిటరీ డిస్కౌంట్ ఉన్నచోట అడిగి తీసుకోండి, కాకపోతే కన్విక్షన్ వల్ల పెరిగే రేటు ముందు అది కొంచెమే. అయిదారు చోట్ల కోట్ (ఎంత ప్రీమియం అవుతుందో చెప్పే లెక్క) తీసుకోండి, ఒకే మనిషికి ఒకే కారుకి రెట్టింపు తేడా ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఫామ్‌లో కన్విక్షన్ దాచొద్దు, రికార్డు ఎలాగూ లాగుతారు.

ఎవరూ ఇవ్వకపోతే టైపా ఉంది, టెక్సాస్ ఆటోమొబైల్ ఇన్సూరెన్స్ ప్లాన్ అసోసియేషన్. కనీసం రెండు కంపెనీలు కాదంటే అక్కడ అప్లై చేయొచ్చు. అందులో మీ సొంత కారు డ్యామేజీకి కవర్ రాదు, కాబట్టి కారు మీద లోన్ ఉంటే బ్యాంకు ఒప్పుకోదు. లోన్ ఉందా?

కిల్లీన్_ఖమ్మం
ఉందన్నా, ఇంకా రెండేళ్లు కట్టాలి. కారు నా భార్య పేరు మీదకి మార్చేసి పాలసీ తనే తీసుకుంటే తగ్గుతుందని ఒకాయన అన్నాడు, నిజమేనా?

ప్లేనో_పాలసీ
సగం నిజం. ఒకే ఇంట్లో ఉంటారు కాబట్టి మీ పేరు చెప్పాల్సిందే. మిమ్మల్ని పాలసీ నుంచి మినహాయిస్తున్నట్టు రాయిస్తే రేటు తగ్గుతుంది, కానీ అప్పుడు మీరు ఆ కారు అస్సలు ముట్టుకోకూడదు. అర్ధరాత్రి పాపకి జ్వరమొచ్చి మీరే నడిపి గుద్దితే ఒక్క డాలర్ రాదు. మీ ఎస్ఆర్-22 కోసం విడిగా నాన్ ఓనర్ పాలసీ (సొంత కారు లేనివాళ్లకిచ్చేది) తీసుకోవాలి, ఇంట్లో కారుంటే కొన్ని కంపెనీలు అది ఇవ్వవు. ఇంకో మాట. కోర్టు ఖర్చులు కాకుండా టెక్సాస్‌లో మొదటి కన్విక్షన్‌కి 3,000 డాలర్ల ఫైన్ విడిగా ఉంటుంది, ఆల్కహాల్ రీడింగ్ 0.15 లేదా అంతకన్నా ఎక్కువుంటే 6,000. ఇన్సూరెన్స్ లెక్క వేసుకునేటప్పుడు అది మర్చిపోకండి.

శాండియాగో_తెనాలి
నేను మెరైన్స్‌లో చేశాను. నాకు కాలిఫోర్నియాలో 2016లో డీయూఐ (తాగి నడిపిన కేసుకి ఇక్కడి పేరు) కన్విక్షన్ పడింది. ఇక్కడ ఎస్ఆర్-22 మూడేళ్లు, గుడ్ డ్రైవర్ డిస్కౌంట్ పదేళ్లు రాదు. ఆరు నెలలకి 640 కట్టేవాడిని, 1,720 అయింది. రెండో ఏడాదిలో ఆటోపేలో పెట్టిన కార్డు ఎక్స్‌పైర్ అయింది, నేను చూసుకోలేదు, ఈమెయిల్స్ స్పామ్‌లోకి వెళ్లాయి. లైసెన్స్ సస్పెండ్ అని డీఎంవీ (ఇక్కడ లైసెన్సులు చూసే ఆఫీసు) ఉత్తరం వచ్చాకే తెలిసింది. మళ్లీ ఫీజులు, మళ్లీ ఫైలింగ్, మూడు వారాలు బస్సులో ఉద్యోగానికి. దయచేసి ఈ ఒక్క విషయంలో అశ్రద్ధ చేయకండి.

కేసు ఇంకా నడుస్తున్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే: కాలిఫోర్నియాలో మిలిటరీ డైవర్షన్ ఉంది, సర్వీస్ వల్ల పీటీఎస్‌డీ (భయంకర అనుభవాల తర్వాత వచ్చే మానసిక సమస్య) లాంటివి వచ్చినవాళ్లు ట్రీట్‌మెంట్ పూర్తి చేస్తే కేసు కొట్టేస్తారు. 2017 ఆగస్టు నుంచి చిన్న స్థాయి డీయూఐ కేసులకీ వర్తిస్తుంది, నాది అంతకుముందే అయిపోయింది. డీఎంవీ సస్పెన్షన్ మాత్రం కోర్టుకి సంబంధం లేకుండా విడిగా నడుస్తుంది. ఆ సస్పెన్షన్ మీద హియరింగ్ అడగడానికి ఇక్కడ 10 రోజులే, టెక్సాస్‌లో 15. చాలామంది ఆ గడువు తెలియక పోగొట్టుకుంటారు.

నార్‌ఫోక్_అక్క
మావారు నేవీలో పన్నెండేళ్లు చేశారు. వర్జీనియాలో డీయూఐకి ఎస్ఆర్-22 కాదు, ఎఫ్ఆర్-44. కవర్ మామూలు కనీసానికి రెట్టింపు, ఇప్పుడు 100/200/50. ఫ్లోరిడాలోనూ ఎఫ్ఆర్-44 ఉంది, అక్కడ 100/300/50. ఈ రెండు రాష్ట్రాలకి మారేవాళ్లు ముందే కనుక్కోండి.

తమ్ముడూ, వీఏ డబ్బు గురించి భయపడకు. కన్విక్షన్ పడినంత మాత్రాన డిజెబిలిటీ కాంపెన్సేషన్ ఆగదు. ఫెలనీ (పెద్ద నేరం) మీద 60 రోజులు దాటి జైల్లో ఉంటేనే తగ్గిస్తారు. మొదటిసారి, ఎవరికీ గాయాలు లేని కేసు కాబట్టి నీది సాధారణంగా మిస్‌డిమీనరే (చిన్న స్థాయి నేరం) అయి ఉంటుంది, జడ్జ్‌మెంట్ కాగితంలో ఒకసారి చూసుకో.

ఇంకొకటి అడుగుతాను, ఏమనుకోకు. ఆ ఒక్క రాత్రే తాగావా, నిద్ర పట్టక రోజూ తాగుతున్నావా? మా ఇంట్లో రెండోదే జరిగింది, నేను మూడేళ్లు చూడనట్టు ఉండిపోయాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది. ప్రతి వీఏ మెడికల్ సెంటర్‌కీ వెటరన్స్ జస్టిస్ అవుట్‌రీచ్ మనిషి ఉంటారు, కోర్టుతో మాట్లాడతారు, ట్రీట్‌మెంట్‌లో చేర్పిస్తారు. రాత్రిపూట మరీ కష్టంగా ఉంటే 988కి ఫోన్ చేసి 1 నొక్కు, అది మాజీ సైనికుల హెల్ప్‌లైన్.

కిల్లీన్_ఖమ్మం
అక్కా, రోజూనే. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

శాండియాగో_తెనాలి
బ్రదర్, డీఎం పెట్టాను. ఏ టైమైనా ఫోన్ చెయ్.

కిల్లీన్_ఖమ్మం
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఏడు కోట్‌లు తీసుకున్నాను. ఆరు నెలలకి ఎక్కువ చెప్పినవాళ్లు 2,940, తక్కువ 1,610, కవర్ ఒకటే. తక్కువదే తీసుకున్నాను, కొలిజన్ (సొంత కారు డ్యామేజీకి కవర్) ఉంచి డిడక్టిబుల్ (ముందు మనం కట్టుకోవాల్సిన వాటా) 1,000కి పెంచాను. పాత పాలసీ ముగియడానికి నాలుగు రోజుల ముందే కొత్తది మొదలైంది, ఎస్ఆర్-22 చేరిందని డీపీఎస్ (టెక్సాస్‌లో లైసెన్సులు చూసే శాఖ) వాళ్లని అడిగి ఖాయం చేసుకున్నాను. కార్డు బదులు బ్యాంకు అకౌంట్ నుంచే ఆటోపే పెట్టాను. నా భార్యకి అంతా చెప్పాను. తను ఏడ్చింది, తర్వాత టెంపుల్ అనే పక్క ఊళ్లోని వీఏ హాస్పిటల్‌కి తనే ఫోన్ చేసింది. గురువారం మొదటి అపాయింట్‌మెంట్, తనే నడిపి తీసుకెళ్తానంది.