అప్‌డేట్: మా అండమాన్ ప్రయాణం ఫిబ్రవరికి మారింది

పెళ్లయి పదేళ్లు నిండుతున్న సందర్భంగా డిసెంబరు మొదటి వారంలో మా ఆవిడతో కలిసి చెన్నై నుంచి అండమాన్ వెళ్లడం మంచిదేనా అని నేను ఇదివరకు అడిగాను. ఓపికగా సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఆ రోజుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడితే దీవుల మధ్య ఫెర్రీలు ఆగిపోతాయని మీరు చేసిన హెచ్చరిక, 2015 డిసెంబరు వరదను ఇక్కడ కళ్లారా చూసినవాళ్లం కనుక, మాకు వెంటనే మనసుకెక్కింది. అందుకే ప్రయాణాన్ని ఫిబ్రవరికి మార్చుకున్నాం. ఓడలో వెళ్లాలని నాకెంతో ఆశగా ఉండేది. కానీ ఒకవైపుకే దాదాపు మూడు రోజులు పడుతుందని తెలిశాక విమానం టికెట్లే తీసుకున్నాం.

మొదటి రోజు పూర్తిగా సెల్యులార్ జైలుకే కేటాయించాం. మా ఆవిడ పుట్టిల్లు రంపచోడవరం దగ్గర. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన రంప పోరాట యోధులు కొందరు ఆ గదుల్లోనే శిక్ష అనుభవించారన్న సంగతి ఆమెను చిన్ననాటి నుంచీ కదిలిస్తూనే ఉంది. తర్వాత మూడు రాత్రులు స్వరాజ్ ద్వీప్‌లో, అంటే పాత హేవ్‌లాక్‌లో ఉంటాం. అక్కడ సాయంత్రం ఐదున్నర ప్రాంతానికే పొద్దు గుంకుతుంది కాబట్టి రాధానగర్ తీరానికి మధ్యాహ్నమే చేరుకోవాలన్నది మీరిచ్చిన సలహాల్లోకెల్లా విలువైనది.

నీటి అడుగున ఈదే స్కూబా డైవింగ్ చేసిన వెంటనే విమానం ఎక్కడం ప్రమాదం కాబట్టి, దాన్ని తిరుగు విమానానికి రెండు రోజుల ముందే ముగిస్తాం. విమానం ఎక్కేది అక్కడే కాబట్టి చివరి రాత్రి శ్రీ విజయపురంలో, అంటే పాత పోర్ట్ బ్లెయిర్‌లోనే బస.