గ్రహణం ఫోటోకి ట్రాకింగ్ లేని టెలిస్కోప్ పనికిరాదా?

కావలి కుర్రాడు:
2028 డిసెంబరు 31 రాత్రి మనకు సంపూర్ణ చంద్రగ్రహణం కనిపిస్తుంది. నా దగ్గర చేత్తో తిప్పే డాబ్సోనియన్ టెలిస్కోప్ ఉంది, ఫోకల్ లెంగ్త్ 1200 మి.మీ. ట్రాకింగ్ మౌంట్ (చంద్రుడి వెంట టెలిస్కోప్‌ని తానే తిప్పే స్టాండు) లేకపోతే ఎర్ర చంద్రుడి ఫోటో రానే రాదని మా గ్రూపులో తేల్చేశారు. నిజమేనా?

ఒంగోలు మాస్టారు:
నిజమే. పౌర్ణమి చంద్రుడికి సెకనులో 250వ వంతు ఎక్స్‌పోజర్ చాలు. పూర్తిగా పట్టాక వెలుగు వేల రెట్లు పడిపోతుంది, సెకనో రెండు సెకన్లో ఇవ్వాల్సిందే. అప్పటిదాకా చంద్రుడు ఆగడు కదా! 1200 మి.మీ. దగ్గర ఒక్క సెకనుకే బొమ్మ సుమారు 20 పిక్సెళ్లు జరుగుతుంది, 300 మి.మీ. లెన్స్‌తో అయితే అయిదే. లెన్స్, ట్రైపాడ్ చూసుకో బాబూ.

పెన్నా ఒడ్డు:
మాస్టారి లెక్క కరెక్టే, తీర్పు మాత్రం ఒప్పుకోను. అసలు సెకను ఎందుకివ్వాలి? ఐఎస్ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) 6400కి పెంచితే ఎఫ్/6 టెలిస్కోప్‌తో సెకనులో ఎనిమిదో వంతుకు దిగొచ్చు. అప్పుడు జరిగేది రెండు మూడు పిక్సెళ్లే. నాయిస్ వస్తుంది, రానీ. వరసగా ఓ యాభై ఫ్రేములు తీసి స్టాక్ చేస్తే, అంటే కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి కలిపేస్తే, చాలావరకు పోతుంది. పైగా 300 లెన్స్‌లో చంద్రుడు సెన్సర్ మీద మూడు మి.మీ. కూడా ఉండడు. 1200లో దాదాపు 11 మి.మీ. టైకో బిలం నుంచి పారే గీతలు కావాలంటే ఆ సైజు ఉండాల్సిందే.

తమ్ముడూ, నిన్ను ఇబ్బంది పెట్టేది ట్రాకింగ్ కాదు, ఫోకస్. చాలా డాబ్సోనియన్లకి కెమెరా బాడీ నేరుగా తగిలిస్తే ఫోకసర్‌ని పూర్తిగా లోపలికి తిప్పినా చంద్రుడు మసకగానే ఉంటాడు. ఇంకో అర అంగుళం లోపలికి పోతే బాగుండుననిపిస్తుంది, పోదు. ఇది గ్రహణం రాత్రి తెలిస్తే అంతే సంగతులు. వచ్చే పౌర్ణమికే తగిలించి చూడు.

ఒంగోలు మాస్టారు:
ఫోకస్ కోసం రెండు రెట్ల బార్లో (బొమ్మను రెండింతలు పెద్దది చేసే లెన్స్) పెడతాడు. వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది, చంద్రుడు 22 మి.మీ. అయి మామూలు కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సీ సైజు సెన్సర్‌లో పట్టడు. మళ్లీ నా మాటకే వచ్చాం కదా?

పెన్నా ఒడ్డు:
బార్లో పెడితే మీదే రైటు సార్. నేను పెట్టమనను. వెనక స్క్రూలు పొడుగువి వేసి పెద్ద అద్దాన్ని కాస్త ముందుకు జరిపితే ఫోకస్ బయటికొస్తుంది, తర్వాత కొలిమేషన్ (అద్దాలు ఒకే వరసలో ఉన్నాయో లేదో) సరిచూసుకోవాలి. అంత పని వద్దనుకుంటే ఐపీస్‌కి (కన్ను పెట్టి చూసే లెన్స్) ఫోన్ హోల్డర్ బిగించొచ్చు. ఇంకోటి, మైపాడు వైపు సముద్రపు గాలికి ఐపీస్ మీద తేమ పడుతుంది. గుడ్డతో రుద్దొద్దు, హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి ఆరబెట్టు.

కావలి కుర్రాడు:
సరే అన్నా, ముందు ఫోకస్ సంగతి చూస్తా. మాస్టారూ, మీ 300 లెన్స్ సెట్టింగులు కూడా పెట్టండి, పక్కన ట్రైపాడ్ మీద అదీ నడిపిద్దాం.