తాటి దూలాలతో ఊరుమ్మడి కిరాణా కొట్టు: అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను

అందరికీ నమస్కారం. కోనసీమలోని అంబాజీపేట సమీపంలో ఉన్న మా ఊళ్లో 34 కుటుంబాలవారం వాటాలు వేసుకొని ఒక కిరాణా కొట్టు కట్టుకోదలచాము. పప్పులు, నూనెలు విడిగా తూచి అమ్మడంతో పాటు, పెరట్లో కాసిన అరటి గెలలూ కూరగాయలూ ఊరివారే తెచ్చి అమ్ముకోవడానికి, పెద్దవాళ్లు సాయంత్రం పూట కూర్చోవడానికి ముందువైపు పొడవైన అరుగు ఉండాలన్నది మా కోరిక. నా దృష్టిలో ఆ కొట్టుకు ప్రాణం అరుగే.

కలప బయటి నుంచి కొనకుండా, చేలగట్ల మీది ముదురు తాటి చెట్లనూ కాపు తగ్గిన కొబ్బరి చెట్లనూ వాడాలనుకుంటున్నాము. మొన్న ఒక తాటి మొద్దును కోయించి చూస్తే, అంచు చుట్టూ రెండంగుళాల మేర నల్లటి నారతో చేవ గట్టిగా ఉంది గాని, నడిమి భాగం గోరు దిగేంత మెత్తగా ఉంది. అటువంటి దూలాలతో, నడుమ స్తంభం లేకుండా 24 అడుగుల వెడల్పున పెంకుల కప్పు నిలపవచ్చునా? అతుకులకు బోల్టులు వేస్తే నార చీలకుండా ఏ జాగ్రత్త తీసుకోవాలి?

చెదలకు బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో నానబెట్టమన్నారు; అయితే అది వానకు కరిగిపోతుంది కనుక, జల్లు తగిలే అరుగు స్తంభాలకు ఏది మేలు? 1986 వరదనూ, 1996 నవంబరు తుఫానునూ చూసిన ఊరు మాది. స్తంభాల అడుగున కాంక్రీటు దిమ్మ ఎంత ఎత్తు ఉండాలో, గాలికి కప్పు లేవకుండా ఎలా బిగించాలో, ఇటువంటి కట్టడాలు కట్టినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.