ఉగాది స్టాల్ - ఊళ్ళో పిలకాయల చదువు కోసం వాలంటీర్లు కావాల

అందరికీ నమస్కారం. ఉగాది ప్రోగ్రాంలో మనకు ఒక స్టాల్ ఇస్తామన్నారు. డాలస్‌లో ఉండే తిరుపతి, చిత్తూరు వాళ్ళమంతా కలిసి ఊరి బడులకు ఏదన్నా చేద్దామని పోయిన మీటింగ్‌లో అనుకున్నాం కదా, అప్పుడు జాస్తి మంది బ్యాగులు, ట్యాబులు అన్నారు. నేను వద్దంటా ఉండా. ఎందుకో కాస్త పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

డిసెంబర్‌లో పాకాల దగ్గర మా ఊరికి పోయినప్పుడు పక్కింటి పాప, నాలుగో క్లాసు, తెలుగు పాఠం చదివి వినిపిస్తానని వచ్చింది. వేలు పెట్టి గడగడా చదివేస్తా ఉంది, చూస్తే వేలు రెండో లైన్‌లో ఉంది, నోరు నాలుగో లైన్‌కి పోయింది. మెల్లిగా పుస్తకం మూసినా పాఠం ఆగలా. ఇంకో పేజీ తీసి 'చెట్టు' అనే మాట చూపిస్తే చె అనింది, టు అనింది, కింద వత్తు కాడ ఆగిపోయి నా మొహం చూసింది. ఆ చూపు ఇంకా నా కళ్ళల్లోనే ఉంది. తెలివి లేక కాదబ్బా, పాఠమంతా కంఠతా పట్టిన పాప అది! ఒకటో క్లాసులో గుణింతాలు, వత్తుల కాడ యాడో వెనకబడింది, క్లాసు మాత్రం ఏటా మారిపోతానే ఉంది. వాళ్ళమ్మ సీజన్‌లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది, ఇంట్లో కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు లేరు. ఆ పాపకు ట్యాబు ఇచ్చి ఏం లాభం, పక్కన కూర్చునే మనిషి కావాల.

ఇది నేను కనిపెట్టింది కాదు. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ సంస్థ వడోదర, ముంబై బడుల్లో చేసి చూపించింది, అక్కడి అమ్మాయిలనే బాల్‌సఖి అని పెట్టి మూడు, నాలుగు క్లాసుల్లో వెనకబడిన పిల్లల్ని 15-20 మందిని రోజుకు 2 గంటలు విడిగా కూర్చోబెట్టి చెప్పించారు. మార్కులు పెరిగాయి, అదీ బాగా వెనకబడినోళ్ళకే ఎక్కువ మేలు జరిగింది. 2019లో నోబెల్ వచ్చిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ళే ఇంకొందరితో కలిసి దాన్ని లెక్కకట్టి చూసింది. అంతదూరం ఎందుకు, మన మదనపల్లె కాడ రిషివ్యాలీ స్కూలు వాళ్ళ పల్లెబడుల్లో కార్డులు పెట్టుకోని ఎవరి మెట్టు వాళ్ళు ఎక్కే పద్ధతి ఎప్పటినుంచో ఉంది.

నా ప్లాన్ ఇదీ. జూన్‌లో బడులు తెరవంగానే 4 ఊళ్ళల్లో మొదలుపెడదాం. ముందు ఒక్కో బిడ్డను పిలిచి అక్షరాలు, మాటలు, చిన్న పేరా, కథ, ఇందులో యాడిదాకా చదవగలదో చూడాల, ఐదు నిమిషాల పని. ఐదో క్లాసైనా అక్షరాల కాడ ఉంటే అక్షరాల గుంపులోనే కూర్చోవాల, అయితే ఆ బిడ్డ చిన్నతనపడకుండా చూసుకోవాల, ఇది చెప్పే అమ్మాయికి ముందే గట్టిగా చెప్పాల. టైం సాయంత్రం ఆరున్నర, అంతకుముందు అందరూ పాలు పోసేదానికి పోయుంటారు. చోటు భజన గుడి చాలు. డిగ్రీ చదివి ఇంట్లో ఉండే అమ్మాయికి నెలకు 5,000, నలుగురికి 6 నెలలకు 1,20,000 రూపాయలు.

ఈ ప్లాన్ మీద మనవాళ్ళు అడిగినవాటికీ ఇక్కడే చెప్తా.

నగిరి అక్క: మా పక్క ఇండ్లల్లో అంతా అరవమే కదా తమ్ముడూ, బడిలో తెలుగు, ఇంగ్లీషు. ఆ పిలకాయలకి ఎట్ల?

మంచి మాట అడిగినావక్కా. అందుకే బయటినుంచి టీచర్‌ని తేవద్దంటా ఉండా. అదే ఊరమ్మాయి అయితే కథ అరవంలో చెప్పి, అదే కథ తెలుగులో చదివిస్తుంది. అర్థం తెలిసిన మాటను చదివేది సులువు కదా.

తవణంపల్లె అన్న: డబ్బు అసోసియేషన్ అకౌంట్‌లోంచి మావాడికి పంపిస్తే వాడు పంచుతాడు.

వద్దన్నా, అట్ల కుదరదు. మన అసోసియేషన్ డబ్బు అక్కడికి విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండే సంస్థకే పంపాల, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో వాళ్ళకుండే అకౌంట్‌కే. 2020లో చట్టం మార్చినాక వాళ్ళు ఇంకో సంస్థకు మళ్ళించేదానికి కూడా లేదు, కాబట్టి సొంతంగా ఊళ్ళల్లో పనిచేసే సంస్థనే వెతకాల. ఆ పని నువ్వే తీసుకో అన్నా, నీకు అక్కడ తెలిసినవాళ్ళు ఎక్కువ.

స్టాల్ సంగతి. దయచేసి చిరిగిన చొక్కాల పిలకాయల ఫోటోలు పెట్టొద్దు, ఆ పాప ఫోటో కూడా నేను ఇవ్వను. దానికి బదులు మన పిల్లల చేతనే అక్షరాల కార్డులు, గుణింతం అట్టలు రాయిద్దాం, వాళ్ళకూ తెలుగు వస్తుంది, కార్డులూ ఊరికి పోతాయి. స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు ఫ్రీగా ఉండాయి, పెద్దక్షరాలవి ఏరి ప్రింట్ తీసేదానికి ఇద్దరు కావాల. చేతిరాత బాగుండేవాళ్ళు ముగ్గురు, వత్తులు స్పష్టంగా రాయాల. స్టాల్‌లో నిలబడేదానికి గంటకు ఇద్దరు. శనివారం లోపల ఇక్కడే చెప్పండి. అట్టలు, స్కెచ్ పెన్నులు నేను తెస్తా, కత్తెర్లు ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి.