ఫైబర్ కనెక్షన్‌పై ల్యాండ్‌లైన్: పాత గోడ వైరింగు, సాఫ్ట్‌ఫోన్, అరనిమిషానికి తెగిపోతున్న కాల్స్

ప్రశ్న: కోనసీమ వాసి

అందరికీ నమస్కారం. అమలాపురంలో మా అమ్మానాన్నల ఇంట్లో రాగి తీగ ల్యాండ్‌లైన్ తీసేసి ఫైబర్ పెట్టించాం. నంబరు పాతదే ఉంచుకున్నాం, ఎందుకంటే అది చుట్టాలందరి దగ్గరా ఉంది, బ్యాంకు ఖాతాకు కూడా అదే ఇచ్చి ఉన్నాం. ఫైబర్ వచ్చి చేరే ఓఎన్‌టీ పెట్టె వీధి గదిలో బిగించారు. నాన్నగారు పడుకునేది వెనక గదిలో. మోకాళ్ల నొప్పులతో ఆయన లేచి వచ్చేలోపు రింగు ఆగిపోతోంది. ఆ గదికి పాత టెలిఫోను వైరు గోడలోంచి ఇంకా ఉంది. దాన్ని వాడుకోవచ్చునా?

మేడ మీద ఉండే అమ్మకోసం సంస్థవారిని అడిగి అదనంగా ఇంకో నంబరు, దాని సిప్ (ఇంటర్నెట్ మీద కాల్స్ కలిపే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తీసుకుని ఆమె మొబైల్‌లో సాఫ్ట్‌ఫోన్ యాప్‌లో, అంటే మొబైల్‌నే ల్యాండ్‌లైనులా వాడనిచ్చే యాప్‌లో, పెట్టాను. ఎవరైనా చేస్తే ఎత్తి మాట్లాడుతుండగా అరనిమిషానికి కాల్ తెగిపోతుంది. కొన్నిసార్లు అవతలి మాట వినబడదు. కాసేపు ఫోను వాడకపోతే ఇన్‌కమింగ్ అసలు మోగదు. వైఫై అందడం లేదని ఓఎన్‌టీ వెనక నేను కొన్న రౌటరు ఒకటి పెట్టాను. కరెంటు పోతే మాత్రం రెండు ఫోన్లూ ఒకేసారి మూగబోతున్నాయి.

జవాబు: పాత ఎక్స్ఛేంజి ఉద్యోగి

గోడ వైరింగు నిస్సందేహంగా వాడుకోవచ్చు, కానీ ముందు ఒక పని తప్పనిసరిగా చేయండి. బయటి స్తంభం నుంచి వచ్చిన పాత రాగి తీగ ఇంటి వైరింగును కలిసే చోట, సాధారణంగా గుమ్మం దగ్గరి చిన్న డబ్బాలో, ఆ రెండు తీగలను విడదీసి విడివిడిగా టేపు చుట్టండి. ఆ తర్వాత ఓఎన్‌టీ మీద టెల్ 1 అనో ఫోన్ 1 అనో రాసి ఉన్న పోర్టు నుంచి ఆర్‌జే 11 తీగతో దగ్గరి గోడ సాకెట్టుకు కలిపితే, వెనక గది సాకెట్టులో డయల్ టోన్ వస్తుంది. బయటి తీగను విడదీయకుండా కలిపితే వీధిలో తడిసిన జాయింట్ల లోపమంతా ఓఎన్‌టీ మీద పడుతుంది, పిడుగుల కాలంలో ఆ పోర్టే కాలిపోయే ప్రమాదమూ ఉంది. ఓఎన్‌టీ ఇచ్చే రింగు శక్తి ఎక్స్ఛేంజి ఇచ్చినంత ఉండదు కనుక ఒకే లైను మీద చాలా ఫోన్లు సమాంతరంగా వేయకండి. ఫోను అడుగున టీ, పీ అని చిన్న మీట ఉంటే అది టీ (టోన్) వైపు ఉండాలి. తిప్పే డయలున్న ఫోన్లను ఈ పెట్టెల్లో ఎక్కువ భాగం గుర్తించవు.

కరెంటు సంగతి మీరు చివర్లో రాశారు గానీ, పెద్దవాళ్లున్న ఇంట్లో నేను మొదట చూసేది అదే. రాగి లైనులో ఫోనుకు కావలసిన 48 వోల్టులు ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచే వచ్చేవి, అందుకే ఊరంతా చీకటైనా ఫోను పలికేది. గాజు పోగులో వెలుగు వస్తుంది తప్ప కరెంటు రాదు. ఓఎన్‌టీ అడాప్టరు మీద వోల్టులు, ఆంపియర్లు చదివి, సాధారణంగా 12 వోల్టులే ఉంటాయి, దానికి సరిపోయే మినీ యూపీఎస్ పెట్టండి. సాఫ్ట్‌ఫోన్ పనిచేయాలంటే మీ రౌటరు కూడా దాని మీదే ఉండాలి. దారిలో వెలుగును ఇళ్లకు పంచే స్ప్లిట్టర్లకు కరెంటు అక్కరలేదు కనుక, అవతలి చివర సంస్థవారి ఓఎల్‌టీ యంత్రానికి బ్యాకప్ ఉన్నంతసేపు, తుపాను రాత్రుల్లో సైతం ఫోను నిలబడుతుంది.

జవాబు: నెట్‌వర్కు పనివాడు

అరనిమిషం అన్నారు. గడియారం పెట్టి చూడండి, దాదాపు 32 సెకన్లు వస్తే కారణం దాదాపు తేలినట్టే. కాల్ ఎత్తగానే ఎత్తిన ఫోను అవతలికి ‘ఎత్తాను’ అని సందేశం పంపుతుంది, దానికి ‘అందింది’ అని జవాబు రావాలి. ఆ జవాబు రాకపోతే అదే సందేశాన్ని మళ్లీ మళ్లీ పంపి, సిప్ ప్రమాణం ప్రకారం 32 సెకన్లు వేచి, కాల్ ముగిస్తుంది. జవాబు ఎందుకు రావడం లేదంటే, అమ్మగారి మొబైల్ తన చిరునామాగా 192.168తో మొదలయ్యే ఇంటి లోపలి చిరునామా చెబుతోంది, బయటి సర్వరుకు ఆ చిరునామా దొరకదు. అవతలి మాట వినబడకపోవడం కూడా ఇలాంటి చిక్కే: మాట మోసే ప్యాకెట్లు ఏ చిరునామాకు పంపాలో తప్పుగా తెలుస్తోంది.

మీ ఇంట్లో ఓఎన్‌టీ ఒకసారి, మీ రౌటరు ఇంకోసారి చిరునామా మారుస్తున్నాయి. మీ రౌటరును యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చండి, వైఫై అలాగే ఉంటుంది, ఒక మార్పిడి తగ్గుతుంది. తరువాత ఓఎన్‌టీలో సిప్ ఏఎల్‌జీ అనే అమరిక ఉంటే ఆపేయండి. సాయం చేయాలని పెట్టిన ఆ సదుపాయం చిరునామాలను సగం సగం మార్చి చెడగొట్టడమే ఎక్కువ. యాప్‌లో స్టన్ సర్వరు (ఫోనుకు దాని బయటి చిరునామా చెప్పేది) పెట్టుకునే వీలుంటే పెట్టండి.

ఇన్‌కమింగ్ మోగకపోవడం వేరే విషయం. యూడీపీ అనే పద్ధతిలో సర్వరు దగ్గర రిజిస్టరైన ఫోను కాసేపు మౌనంగా ఉంటే రౌటరు ఆ దారిని మూసేస్తుంది. యాప్‌లో కీప్ అలైవ్ (దారి మూసుకోకుండా పంపే చిన్న సందేశం) 20 నుంచి 30 సెకన్లకు పెట్టండి. ఆండ్రాయిడ్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ ఆప్టిమైజేషన్ కూడా తీసేయాలి, లేకపోతే తెర ఆరిపోయాక ఫోనే యాప్‌ను నిద్రపుచ్చుతుంది. స్పీడు పెంచమని ఎవరైనా చెబితే ఖర్చు పెట్టకండి. మామూలు నాణ్యతలో ఒక కాల్‌కు ఒక్కో దిశలో 90 కిలోబిట్ల లోపే పడుతుంది. మాట ముక్కలుగా వస్తే మేడ మీద వైఫై బలహీనంగా ఉందో, సీసీ కెమెరా అప్‌లోడ్ దారి నింపేస్తోందో చూడండి.

జవాబు: వైజాగ్ మేడ

ఇవన్నీ చేసినా, అమ్మగారి వయసువారికి సాఫ్ట్‌ఫోన్ నేను సూచించను. మొబైల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఏదో అమరిక మారుతుంది, పక్కన సరిచేసేవారు ఉండరు. రెండు హ్యాండ్‌సెట్లున్న కార్డ్‌లెస్ ఫోను తెచ్చి దాని బేస్‌ను ఓఎన్‌టీ ఫోన్ పోర్టుకే కలిపితే, ఒకటి నాన్నగారి మంచం పక్కన, ఒకటి మేడ మీద ఉంటుంది. పాత నంబరు రెండు చోట్లా మోగుతుంది. రిజిస్ట్రేషన్ అంతా ఓఎన్‌టీయే చూసుకుంటుంది కనుక పైన చెప్పిన చిరునామా గొడవ ఉండదు. బేసుకు విడిగా కరెంటు కావాలి కాబట్టి యూపీఎస్ లెక్కలో దాన్ని కలపండి. మేడకు సిగ్నల్ అందుతుందో లేదో తిప్పి ఇచ్చే వీలున్న దుకాణంలో కొని పరీక్షించండి.

ఇంకొక మాట. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా నొక్కాలి. పెద్దవాళ్లకు ఆ అలవాటు చేయించండి, లేకపోతే ఫోను పాడైందనుకుంటారు.

ప్రశ్నించినవారు: కోనసీమ వాసి

అందరికీ ధన్యవాదాలు. గడియారం పెట్టి చూస్తే నిజంగానే 32 దగ్గరే తెగుతోంది. రౌటరును యాక్సెస్ పాయింట్‌గా మార్చి ఏఎల్‌జీ ఆపాక కాల్ నిలిచింది. అయినా కార్డ్‌లెస్ సలహాయే నాకు నచ్చింది, ఈ పండక్కి వెళ్లినప్పుడు తీసుకెళ్తాను. ఒక సందేహం మిగిలింది: బ్యాంకు వారి రికార్డు స్వరం ‘ఒకటి నొక్కండి’ అంటే నొక్కినా పట్టించుకోవడం లేదు. ఇది ఓఎన్‌టీకి కలిపిన ఫోనులోనే.

జవాబు: నెట్‌వర్కు పనివాడు

ఓఎన్‌టీ వాయిస్ అమరికల్లో డీటీఎంఎఫ్ మోడ్, అంటే నొక్కిన అంకెలను పంపే పద్ధతి, చూడండి. ఇన్‌బ్యాండ్ అని ఉంటే ఆర్‌ఎఫ్‌సీ 2833కు మార్చండి, అప్పుడు అంకె శబ్దంగా కాక విడి ప్యాకెట్టుగా వెళ్తుంది. ఆ పేజీ సంస్థవారు తాళం వేసి ఉంచితే ఫిర్యాదులో ‘డీటీఎంఎఫ్ 2833 కావాలి’ అని ఇదే మాట రాయండి. అమలాపురం కనెక్షన్ కనుక అక్కడే సిప్ యూజర్‌నేములో 91 (దేశం కోడు) తర్వాత సున్నా లేకుండా 8856 (అమలాపురం కోడు), ఆపైన మీ ఆరంకెలు ఉన్నాయో లేదో కూడా సరిచూసుకోండి.