ఇంజిన్ లాగే రైలా, ట్రైన్‌సెట్టా? స్విస్ మీటర్ గేజ్ మార్పులపై చర్చ

మీటర్‌గేజ్_మూర్తి

మొన్న వందేభారత్ థ్రెడ్‌లో ఎవరో ఒక మాట అనేసి వెళ్లిపోయారు: "స్విట్జర్లాండ్‌లో కొండల మీద కూడా ఇంజిన్లు పక్కన పడేసి ట్రైన్‌సెట్లకు మారిపోయారు, మనమే ఇంకా ఇంజిన్లు పట్టుకుని వేలాడుతున్నాం" అని. అక్కడ జవాబు రాస్తే ఆ థ్రెడ్ దారి తప్పుతుందని ఇక్కడ పెడుతున్నా. ట్రైన్‌సెట్ అంటే వందేభారత్ లాగా విడి ఇంజిన్ లేకుండా, కోచ్‌ల కిందే మోటార్లు పెట్టి, కోచ్‌లన్నీ కలిపే ఉంచే రైలు.

వాళ్లు చెబుతున్నది రేటియన్ రైల్వే గురించి. తూర్పు స్విట్జర్లాండ్‌లో గ్రౌబ్యుండెన్ అనే కాంటన్ (మన రాష్ట్రం లాంటిది), అంతా కొండలే. అక్కడ సుమారు 385 కిలోమీటర్ల మీటర్ గేజ్ లైను, అంటే పట్టాల మధ్య ఎడం ఒక్క మీటరే. మార్పు పెద్దదే, కాదనను. జీఈ 4/4 అనే నాలుగు ఇరుసుల కరెంటు ఇంజిన్లలో 1973 నుంచి 1985 దాకా వచ్చిన 23 రెండో తరం ఇంజిన్లు ఒక్కొక్కటిగా వెళ్లిపోతున్నాయి. వాటికంటే ముందు తరం ఆరు ఇరుసుల ఇంజిన్లు రోజువారీ పని నుంచి తప్పుకున్నాయి. వాటి చోట స్టాడ్లర్ కంపెనీ కట్టిన కాప్రికార్న్ సెట్లు వచ్చాయి. ఒక్కోటి నాలుగు కోచ్‌లు, మొత్తం 56 సెట్లు. ఆ రైల్వే చరిత్రలోనే అంత పెద్ద కొనుగోలు ఇంకోటి లేదు.

నాకు ఇది నచ్చలేదు. ఇంజిన్ రైలుకి జనం ఎక్కువైతే ఇంకో కోచ్ తగిలిస్తారు, తక్కువైతే తీసేస్తారు. సెట్టుకి ఆ వీలు లేదు. పెంచాలంటే ఒకేసారి నాలుగు కోచ్‌లు పెంచాలి. ఇంజిన్ మొరాయిస్తే ఇంజిన్ ఒక్కటే షెడ్డుకి పోతుంది, కోచ్‌లు వేరే ఇంజిన్‌తో నడుస్తాయి. సెట్టులో ఒక పరికరం పాడైతే మొత్తం సెట్టు షెడ్డులో కూర్చుంటుంది. ఇక కిటికీ తెరుచుకునే పాత కోచ్‌ల సంగతి నేను చెప్పక్కర్లేదు, ఆల్ప్స్‌లో తల బయటపెట్టి ఫొటో తీసినవాళ్లకు తెలుసు.

మీరేమంటారు?

జ్యూరిక్_సుధ

మూర్తి గారూ, మీరు రైలును చూసే కోణం వేరు, నేను ఎక్కే కోణం వేరు.

మా అమ్మ వచ్చినప్పుడు దావోస్ తీసుకెళ్లా. మోకాళ్లు అరిగిపోయిన మనిషి. అంతకుముందు ఓసారి పాత కోచ్ ఎక్కించాల్సి వస్తే, ప్లాట్‌ఫామ్ నుంచి ఆ నిటారు మెట్లు ఎక్కడానికి వెనక నుంచి నేను, ముందు నుంచి ఎవరో తెలియని పెద్దాయన చెయ్యి పట్టాల్సి వచ్చింది. కాప్రికార్న్‌లో తలుపు దగ్గర నేల ప్లాట్‌ఫామ్‌తో సమానంగా ఉంది, ఆవిడే నడిచి లోపలికి వెళ్లి కూర్చుంది. పక్కన ఒకాయన చక్రాల కుర్చీతో ఎవరి సాయం లేకుండా ఎక్కాడు.

ఇది రైల్వే దయ తలచి ఇచ్చింది కాదు. వికలాంగుల సమానత్వ చట్టం 2004లో అమల్లోకి వచ్చింది. ప్రజా రవాణా అంతా అందరూ వాడుకునేలా మార్చడానికి 20 ఏళ్ల గడువు ఇచ్చింది, అంటే 2023 ఆఖరు. పాత కోచ్‌లకు ఎన్ని అతుకులు వేసినా అది కుదరని పని. మీ కిటికీ ఫొటో కోసం మా అమ్మ మెట్లు ఎక్కాలా?

చిన్నలైన్_చిన్నా

కిటికీ కోసమే అయినా సరే, నా ఓటు మూర్తి అన్నకే 😄

గుంతకల్లు_బాబాయ్

నేను మీటర్ గేజ్ మీద వైడీఎం-4 డీజిల్ ఇంజిన్ నడిపినవాణ్ణి, రిటైరై చాన్నాళ్లయింది. గేజ్ మార్పిడిలో మా లైన్లు పోయాయి. కాబట్టి మీటర్ గేజ్ బతికి ఉన్న చోటు అంటే నాకు ఆసక్తే. సెంటిమెంట్ పక్కనపెట్టి ఘాట్ సంగతి మాట్లాడదాం.

మన ఖండాలా ఘాట్ 37కి ఒకటి వాలు. బండి వెనక బ్యాంకర్ ఇంజిన్లు పెట్టి తోయిస్తారు. రేటియన్ వాళ్ల ఆల్బులా లైను 1000కి 35, అంటే సుమారు 28కి ఒకటి. బెర్నినా లైను 1000కి 70, అంటే 14కి ఒకటి! దాని మీద పళ్ల పట్టా (ఇంజిన్ పళ్లచక్రం పట్టుకుని ఎక్కడానికి మధ్యలో వేసే పట్టా) లేదు, ఉత్త చక్రం, ఉత్త పట్టా. అలాగే 2253 మీటర్ల ఎత్తున్న ఓస్పిజియో బెర్నినాకు ఎక్కేస్తారు.

లెక్క సింపుల్. 100 టన్నుల బండిని 1000కి 70 వాలు ఎక్కించాలంటే బరువుకే 7 టన్నుల లాగుడు కావాలి, రాపిడి అదనం. ఆ లాగుడు ఎంత మోటారు పెట్టినా రాదు, మోటారు ఉన్న చక్రాల మీద ఎంత బరువు పడితే అంతే వస్తుంది. మూడో తరం జీఈ 4/4 ఇంజిన్ 62 టన్నులు, 2500 కిలోవాట్లు. పట్టు అంతా ఆ నాలుగు ఇరుసులదే. మంచు పడి పట్టా జారితే ఆ నాలుగే దిక్కు. 2010 ప్రాంతంలో వచ్చిన అలెగ్రా మూడు కోచ్‌ల సెట్టు. 12 ఇరుసుల్లో 8కి మోటార్లు, వాటి మీద ప్రయాణికుల బరువు కూడా పడుతుంది. అంటే టికెట్ కొన్నవాడు కూర్చోవడమే పట్టుకి సాయం. ఇంజిన్‌లో ఆ పని చేసేది ఇనుప బరువు, దానికి టికెట్ డబ్బులు రావు.

ఇంకోటి. ఆల్బులా మీద కరెంటు 11,000 వోల్టుల ఏసీ, బెర్నినా మీద 1000 వోల్టుల డీసీ. అందుకే కూర్ నుంచి తిరానో వెళ్లే బండికి పాంట్రెసీనాలో ఇంజిన్ మార్చేవాళ్లు. వాళ్ల కోచ్‌లకి మధ్యలో ఒకే బఫరు, దానికి రెండు పక్కలా స్క్రూ కప్లింగులు. షంటింగ్ మనిషి కోచ్‌ల సందులోకి దూరి, ఒక పక్క మర తిప్పి, రెండో పక్క తిప్పి, గాలి గొట్టాలు తగిలించాలి. జనవరిలో ఆ ఎత్తున చేతులు ఎలా ఉంటాయో ఊహించుకోండి. అలెగ్రా రెండు కరెంట్ల మీదా నడుస్తుంది, ఆగి మార్చే పనే లేదు.

ఆ షంటింగ్ మనిషి తరఫున నా ఓటు సెట్టుకి.

మీటర్‌గేజ్_మూర్తి

బాబాయ్, ఘాట్ లెక్కకు నమస్కారం. కానీ ఒక కిటుకు ఉంది. బెర్నినా ఎప్పుడూ ఇంజిన్ల లైను కాదు. 1908లో మొదలైనప్పటి నుంచీ అక్కడ మోటారు కోచ్‌లదే రాజ్యం. అలెగ్రా అక్కడ మోటారు కోచ్‌ల చోటులోకే వచ్చింది. నేను అడుగుతున్నది ఆల్బులా, దావోస్, ఎంగడీన్ లైన్ల గురించి.

ఇంజిన్ అవసరం తీరిపోయిందనేవాళ్లు గోల్డెన్‌పాస్ ఎక్స్‌ప్రెస్ సంగతి చూడాలి. 2022 డిసెంబరు 11న మొదలైంది. మాంట్రో నుంచి ఇంటర్‌లాకెన్ దాకా, మధ్యలో ష్వైజిమ్మెన్‌లో మీటర్ గేజ్ నుంచి 1435 మిల్లీమీటర్ల గేజ్‌కి మారుతుంది. ప్రయాణికులు దిగక్కర్లేదు. కోచ్ కింద చక్రాలు ఎడంగా జరుగుతాయి, ప్లాట్‌ఫామ్ ఎత్తుల తేడా కోసం కోచ్ పెట్టె కూడా 200 మిల్లీమీటర్లు లేస్తుంది. ఇది ఎలా సాధ్యమైంది? చక్రాల దగ్గర మోటారు లేదు కాబట్టి! ఒక పక్క 900 వోల్టుల డీసీ ఇంజిన్, ఇంకో పక్క 15,000 వోల్టుల ఏసీ ఇంజిన్, నడుమ ఉత్త కోచ్‌లు. ఇదే పని మోటార్లున్న ట్రైన్‌సెట్‌తో చేసి చూపించమనండి.

గ్లేషియర్ ఎక్స్‌ప్రెస్ కూడా అంతే. డిసెంటిస్ దాటాక పళ్ల పట్టా మొదలవుతుంది, అక్కడ రేటియన్ ఇంజిన్ తీసి మాటర్‌హార్న్ గొట్టార్డ్ రైల్వే వాళ్ల పళ్లచక్రం ఇంజిన్ తగిలిస్తారు. కోచ్‌లు అవే. మోటారు లేని కోచ్ ఏ ఇంజిన్‌తోనైనా కాపురం చేస్తుంది.

జ్యూరిక్_సుధ

అవి రెండూ టూరిస్టు రైళ్లు మూర్తి గారూ. గ్లేషియర్ ఎక్స్‌ప్రెస్‌లో సుమారు 8 గంటల ప్రయాణం, భోజనం బల్ల మీదికే వస్తుంది, డిసెంటిస్‌లో ఇంజిన్ మారుస్తుంటే ఎవరికీ టెన్షన్ లేదు. లాండ్‌క్వార్ట్‌లో ఆఫీసు ఉన్నవాళ్లకి రైలు టైముకి రావాలి, ఎక్కువ రైళ్లు కావాలి. చివరి స్టేషన్‌లో ఇంజిన్ ఊడదీసి, పక్క లైను మీదుగా అటు చివరికి తెచ్చి తగిలించే టైములో సెట్టు తిరిగి బయల్దేరిపోతుంది.

"పెంచాలంటే ఒకేసారి నాలుగు కోచ్‌లు పెంచాలి" అన్నారు. నిజమే. కానీ అది నిమిషాల పని. కాప్రికార్న్‌లకు ఆటోమేటిక్ కప్లర్. వెనక సెట్టు పాకుతున్నట్టు వస్తుంది, ఒకసారి ఆగుతుంది, మళ్లీ అడుగు దూరం కదులుతుంది, టక్‌మని తగులుతుంది. గాలి, కరెంటు, కంప్యూటర్ తీగలు అన్నీ ఆ కప్లర్‌లోనే కలిసిపోతాయి. కిందికి ఎవరూ దిగరు. ఒకే రైలుగా వచ్చి మధ్య స్టేషన్‌లో రెండుగా విడిపోయి రెండు ఊళ్లకు పోవచ్చు. కొత్త టైంటేబుల్ ఆలోచనంతా దీని మీదే ఉంది.

వ్యాగన్_వంశీ

అందరూ ప్రయాణికుల గురించే మాట్లాడుతున్నారు. సరుకు సంగతో?

రేటియన్ ఇప్పటికీ గూడ్స్ నడుపుతుంది. కలప, సిమెంటు, సూపర్ మార్కెట్ల కంటైనర్లు. కాప్రికార్న్ దాని జోలికి పోదు. 1993-99 మధ్య వచ్చిన 12 మూడో తరం ఇంజిన్లకు చేతినిండా పని ఉంది. గూడ్స్ ఉంది, 1999లో తెరిచిన 19 కిలోమీటర్ల వెరైనా సొరంగంలో కార్లను ఎక్కించుకుపోయే రైళ్లున్నాయి, ఆల్బులా మీద ఇంజిన్‌తో నడిచే ఆల్వ్రా అనే ప్రయాణికుల రైళ్లున్నాయి. కాబట్టి "ఇంజిన్లు పక్కన పడేశారు" అన్న పాత థ్రెడ్ మహానుభావుడి మాట తప్పే.

సరదా విషయం, బెర్నినా మీద అలెగ్రానే ఇంజిన్ పని చేస్తుంది. ముందు అలెగ్రా, వెనక ప్రయాణికుల కోచ్‌లు, ఆ వెనక దుంగలు మోసే వ్యాగన్లు. టూరిస్టులు ముందు పెట్టెలో సెల్ఫీలు, తోకన కట్టెలు. ఇది ట్రైన్‌సెట్టా, ఇంజినా, మిక్స్‌డ్ రైలా? మీరే తేల్చుకోండి.

మే_ట్రిప్_రాధిక

పెద్ద చర్చ మధ్యలో చిన్న డౌట్ అండీ. ఇంతకీ కిటికీ తెరుచుకునే రైలు ఇప్పుడు అసలు ఉందా? ట్రిప్ ప్లాన్ చేస్తున్నాం.

వ్యాగన్_వంశీ

ఉంది రాధిక గారూ. ఆల్బులా మీద ఆల్వ్రా రైలు పట్టుకోండి. అందులో ఫొటోల కోసమే తెరుచుకునే కిటికీలతో ప్రత్యేకంగా కొంత చోటు పెట్టారు. 65 మీటర్ల ఎత్తున్న లాండ్‌వాసర్ వంతెన దాని నుంచే తీయండి. ఎండాకాలంలో బెర్నినా మీద పైకప్పు లేని పసుపు కోచ్‌లు కూడా తగిలిస్తారు. స్వెట్టర్ మరిచిపోవద్దు. పెద్ద అద్దాలతో మూసేసిన పనోరమా కోచ్‌ల జోలికి మాత్రం పోకండి, అద్దంలో మీ మొహమే పడుతుంది.

మీటర్‌గేజ్_మూర్తి

చూశారా, ఆల్వ్రా! నేను చెప్పాలనుకున్నది వంశీ చెప్పేశాడు. అది విడదీయని కోచ్‌ల వరుస. ఒక చివర మామూలు ఇంజిన్, ఇంకో చివర డ్రైవర్ క్యాబ్ ఉన్న కోచ్. లో-ఫ్లోర్ ఉంది కాబట్టి సుధ గారి అమ్మగారు హాయిగా ఎక్కొచ్చు. చివరి స్టేషన్‌లో ఇంజిన్ తిప్పే పని లేదు. కిటికీ ఉంది. ఇంజిన్ పాడైతే ఇంకోటి పెట్టొచ్చు. ఇవే ఇంకొన్ని కొనాల్సింది. 56 కాప్రికార్న్‌లు ఎందుకు?

గుంతకల్లు_బాబాయ్

ఎందుకంటే ఆల్వ్రాని మధ్యలో విడదీసి రెండు ఊళ్లకు పంపలేవు మూర్తీ. సుధమ్మ చెప్పింది అదే.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, వీళ్ల ఇంజిన్ల మీద మనకున్న ప్రేమ ఊరికే రాలేదు. 1921 నుంచి వచ్చిన 15 "మొసలి" ఇంజిన్లు, ముందూ వెనకా పొడుగాటి ముక్కులతో. మన ఖండాలా ఘాట్ మీద తిరిగిన డబ్ల్యూసీజీ-1 కూడా అదే జాతి మొసలి, అదీ స్విస్ వాళ్ల డిజైనే. నీలగిరి పళ్లచక్రం పాత ఎక్స్ క్లాస్ ఆవిరి ఇంజిన్లు స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తూర్‌లో కట్టినవే. రేటియన్ మొసళ్లలో 414, 415 ఇంకా నడుస్తాయి, 407 బెర్గ్యూన్ మ్యూజియం ముందు నిలబడి ఉంది.

ఆ మొసళ్లు వచ్చినప్పుడు వెళ్లిపోయినవి ఏవనుకున్నారు? జీ 4/5 ఆవిరి ఇంజిన్లు. మొదటి ప్రపంచయుద్ధంలో బొగ్గు దొరక్క లైనంతా కరెంటుకి మార్చేసి, 1920ల్లో ఆ ఆవిరి ఇంజిన్లను బ్రెజిల్‌కీ, స్పెయిన్‌కీ, థాయిలాండ్‌కీ అమ్మేశారు. ఇవాళ మనం మొసలిని తలచుకుని కంటతడి పెడుతున్నాం. అప్పట్లో మొసలిని చూసి తిట్టుకున్న ఫైర్‌మన్లు ఉండే ఉంటారు.

మన దగ్గర మీటర్ గేజ్‌కి కొత్త కోచ్‌లు, ఇంజిన్లు కొనడం ఆపేసి లైను పీకి బ్రాడ్ గేజ్ వేశాం. మనకున్న జనానికి, సరుకుకి అదే సరైంది. వాళ్లకి అది కుదరదు, బెర్నినా మీద 45 మీటర్ల వంపులున్నాయి. పట్టా మార్చలేనప్పుడు పట్టా మీద తిరిగేదాన్నే మార్చుకుంటూ పోవాలి.

చిన్నలైన్_చిన్నా

25 కాప్రికార్న్‌లు కలిపి ఒకే రైలు నడిపారు కదా బాబాయ్, అది చూశారా? 2022 అక్టోబరు 29, ప్రేడా నుంచి ఆల్వనేయు దాకా. వంద కోచ్‌లు, 1.9 కిలోమీటర్ల రైలు, ప్రపంచ రికార్డు.

గుంతకల్లు_బాబాయ్

చూశా. ఏడుగురు డ్రైవర్లు. సొరంగాల్లో రేడియో అందదని రైలు పొడవునా తీగ లాగి ఫీల్డ్ ఫోన్లు పెట్టుకున్నారు. అంత కంప్యూటర్ ఉన్న సెట్లు, ఆఖరికి మాట్లాడుకున్నది తీగ ఫోన్‌లో!

మీటర్‌గేజ్_మూర్తి

రికార్డు సరే బాబాయ్, నా ఆఖరి ప్రశ్న మిగిలే ఉంది. 1947-53లో వచ్చిన మొదటి తరం జీఈ 4/4 ఇంజిన్లు పది. 1980ల చివర్లో వాటిని విప్పి బాగుచేసి మళ్లీ లైను మీదకు పంపారు, కొన్ని అరవై ఏళ్లకు పైగా పనిచేశాయి. వాటి వెనక కోచ్‌లు రెండుమూడు తరాలు మారాయి. సెట్టులో ఇంజినూ కోచ్‌లూ కలిసే ముసలివవుతాయి. అరవై ఏళ్ల తరవాత కాప్రికార్న్ కంప్యూటర్ బోర్డులు ఎవరు చేసిపెడతారు?

జ్యూరిక్_సుధ

మీ మూడో తరం ఇంజిన్‌లోనూ ఎలక్ట్రానిక్సే కదండీ, 1993వి. వాటి బోర్డుల సమస్య కాప్రికార్న్ కంటే ముందే వస్తుంది. 12 ఇంజిన్ల కోసం విడిభాగాలు చేయించడం కష్టమా, 56 సెట్ల కోసమా?

వ్యాగన్_వంశీ

ఈ పాయింటుకి వేరే థ్రెడ్ తెరవండి మూర్తి గారూ, జీఈ 4/4 మూడో తరం విడిభాగాల మీద నా దగ్గర చాలా ఉంది.